మూడో పేజీ దాటేసరికి మొదటి రెండు పేజీల వివరాలు ఎక్కడికి పోతున్నాయి?

ఫారంపని
నాలుగు పేజీల దరఖాస్తు ఫారం ఒకటి పీహెచ్‌పీ 8లో (సర్వర్ మీద నడిచే వెబ్ భాష) రాశాను. మొదటి పేజీలో పేరు, చిరునామా, రెండో పేజీలో చదువు, మూడో పేజీలో ఉద్యోగానుభవం నింపాలి. నాలుగో పేజీలో అన్నీ ఒకసారి చూపించి, "సమర్పించు" నొక్కాక డేటాబేస్‌లో చేరుస్తాను. అంతవరకు ఏ పేజీ వివరాలను ఆ పేజీ దాటగానే సెషన్ వేరియబుల్స్‌లో, అంటే ఒక్కో వాడుకరి కోసం సర్వర్ తాత్కాలికంగా దాచే చోట, ఉంచుతున్నాను.

నేను పరీక్షించినప్పుడల్లా బాగానే పనిచేస్తోంది. మొన్న రాత్రి కావాలనే మూడో పేజీ దగ్గర గంటసేపు ఆగి, ఆ తరువాత ముందుకు వెళ్లాను. ఒక్క అక్షరం కూడా పోలేదు. పగటిపూట వాడేవారిలో కొందరికి మాత్రం నాలుగో పేజీలో అనుభవం వివరాలు ఒక్కటే కనిపిస్తున్నాయి, పేరు, చదువు ఉండవలసిన చోట ఖాళీ గళ్లు వస్తున్నాయి. ఎర్రర్ లాగ్‌లో ఒక్క వాక్యం కూడా లేదు. పాత సర్టిఫికెట్లు వెతికి తేదీలు చూసుకుంటూ నింపిన ఒకావిడ, "ఇప్పటికి మూడుసార్లు నింపాను, నాలుగోసారి నింపే ఓపిక నాకు లేదు" అని రాశారు. ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎక్కడ వెతకాలో చెప్పండి.

మొదటివరుస
ప్రతి పేజీలోనూ సెషన్‌ను మొదలుపెట్టే సెషన్_స్టార్ట్() అన్నిటికన్నా ముందు ఉందా? దానికి ముందు ఒక్క ఖాళీ వరుస బ్రౌజర్‌కు వెళ్లినా, కుకీని (బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ సర్వర్‌కు తిరిగి పంపే చిన్న గుర్తు) ఇచ్చే హెడర్ పంపడం కుదరదు. ఫైలును బీఓఎం గుర్తుతో (ఎన్‌కోడింగ్ తెలపడానికి ఎడిటర్ ఫైలు మొదట్లో చేర్చేది) సేవ్ చేస్తే, కంటికి కనిపించని ఆ మూడు బైట్లు కూడా అదే పని చేస్తాయి. నేను ఒకసారి రెండు రోజులు ఆ మూడు బైట్ల కోసం వెతికాను.

కుకీకాపరి
చిరునామా ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న లింకు ఒక పేజీలో, లేని లింకు ఇంకో పేజీలో ఉన్నాయేమో చూడండి. కుకీకి డొమైన్ ప్రత్యేకంగా చెప్పకపోతే, ఏ చిరునామా దాన్ని ఇచ్చిందో ఆ చిరునామాకే బ్రౌజర్ తిరిగి పంపుతుంది. మధ్యలో చిరునామా మారితే సర్వర్ కొత్త మనిషి వచ్చారనుకుని కొత్త సెషన్ తెరుస్తుంది. మీరు చెప్పిన లక్షణం దానికి సరిగ్గా సరిపోతుంది.

ఫారంపని
రెండూ చూశాను. అన్ని పేజీలూ ఒకే ఫైలును మొదటి వరుసలోనే చేర్చుకుంటాయి, సెషన్ అందులోనే మొదలవుతుంది. లింకులన్నీ ఒకే చిరునామాతో ఉన్నాయి. కుకీకాపరి గారు చెప్పినదే కారణమైతే నాకు రాత్రిపూట కూడా జరగాలి కదా?

తొందరమనిషి
పీహెచ్‌పీ సెట్టింగ్‌ల ఫైలు పీహెచ్‌పీ.ఐఎన్ఐలో సెషన్ ఆయుష్షును 24 గంటలకు పెంచండి. సమస్య తీరిపోతుంది.

పాతకోడు
పెంచే ముందు ఆయుష్షు అంటే దేని ఆయుష్షో తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వస్తువులు ఉన్నాయి, రెండింటికీ వేర్వేరు గడువులు ఉన్నాయి.

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ఒక పేజీ ఇచ్చాక, తరువాత అడిగినది అదే మనిషో కాదో దానికి తెలియదు. ఆ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటులీ కుకీని కనిపెట్టారు. పీహెచ్‌పీలో సెషన్ సౌకర్యం 2000లో వచ్చిన 4వ వెర్షన్‌తో భాషలోనే భాగమైంది. అంతకుముందు ప్రతి ఫారంలోనూ దాపుడు గళ్లు (వాడేవారికి కనిపించకుండా ఫారంతో పాటు వెళ్లేవి) పెట్టి, మొదటి పేజీ వివరాలను నాలుగో పేజీ దాకా మోసుకుంటూ వెళ్లేవాళ్లం.

ఇప్పుడు జరిగేది సామాన్ల గదిలో పెట్టె అప్పగించి టోకెన్ తీసుకోవడం లాంటిది. బ్రౌజర్ దగ్గర ఉండేది టోకెన్ మాత్రమే, అంటే పీహెచ్‌పీసెస్ఐడీ అనే కుకీ. పెట్టె సర్వర్ మీద ఒక ఫైలుగా ఉంటుంది. కుకీ గడువు మామూలుగా సున్నా, అంటే బ్రౌజర్ మూసేవరకు. ఫైలు గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. టోకెన్ భద్రంగా చేతిలో ఉండగానే పెట్టె పోవచ్చు.

వీలైతే సర్వర్‌లో ఆ ఫైలు ఒకటి తెరిచి చూడండి. పేరు "సెస్" అని మొదలై, అండర్‌స్కోర్ తరువాత కుకీలోని గుర్తు ఉంటుంది. లోపల వేరియబుల్ పేరు, ఒక నిలువు గీత, విలువ అక్షరాల వరుస (స్ట్రింగ్) అని తెలిపే ఎస్, ఆపైన పొడవు, చివరన కోట్స్‌లో విలువ ఉంటాయి. "రాము" అని నింపి చూస్తే పొడవు 12 అని ఉంటుంది. అది అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క; యూటీఎఫ్-8లో ర, దీర్ఘం, మ, కొమ్ము ఒక్కొక్కటి మూడేసి బైట్లు. ఎడిటర్‌లో ఆ ఫైలును చేత్తో సరిదిద్ది పొడవు మార్చడం మరిచిపోతే సెషన్ మొత్తం చదవడానికి పనికిరాకుండా పోతుంది. అందుకే చూడండి, ముట్టుకోకండి.

గడియారం
ఫారంపని గారి ప్రశ్నలోనే జవాబు ఉంది. రాత్రి గంటసేపు ఆగినా ఏమీ పోలేదు, పగలు పోతోంది. ఈ తేడాను పట్టుకోవాలి.

24 నిమిషాలు దాటగానే ఫైలు దానంతట అది చెరిగిపోదు. ఎవరో ఒకరు పేజీ తెరిచి సెషన్ మొదలుపెట్టినప్పుడు, పీహెచ్‌పీ ఒక పాచిక వేసినట్టు చేసి, నూటికి ఒక్కసారి మాత్రం పాత ఫైళ్లను ఊడ్చే పని చేపడుతుంది. ఆ నూటికి ఒకటి అన్నది మూలంలో ఉన్న లెక్క. భాషతో పాటు వచ్చే నమూనా ఐఎన్ఐ ఫైలు వాడితే వెయ్యికి ఒకటి. రాత్రి మీరొక్కరే ఉన్నారు కాబట్టి ఊడ్చేవారు రాలేదు, గడువు తీరిన ఫైలు కూడా అక్కడే పడి ఉంది, తిరిగి వచ్చేసరికి చక్కగా దొరికింది. పగలు వందలాది మంది పేజీలు తెరుస్తారు, వారిలో ఎవరో ఒకరి అభ్యర్థన మీద చీపురు పడుతుంది, ఆ సమయానికి మూడో పేజీ మీద నిదానంగా టైపు చేస్తున్న మనిషి ఫైలు కూడా కొట్టుకుపోతుంది.

లాగ్‌లో ఏమీ లేకపోవడానికి కారణం కూడా ఇదే. ఫైలు లేకపోతే పీహెచ్‌పీ దాన్ని తప్పుగా చూడదు. స్ట్రిక్ట్ మోడ్ (సర్వర్ తాను ఇవ్వని గుర్తును ఒప్పుకోని సెట్టింగ్) పెట్టకపోతే అదే గుర్తుతో కొత్త ఖాళీ ఫైలు తెరుస్తుంది. అప్పుడే పంపిన మూడో పేజీ వివరాలు ఆ కొత్త ఫైలులో చేరతాయి. నాలుగో పేజీలో అనుభవం ఒక్కటే మిగలడం అందుకే.

ఫారంపని
ఇది చదివి లేచి నిలబడ్డాను. మూడో పేజీ ఒక్కటే ఎందుకు మిగులుతోందన్నది నాకు ఎంత ఆలోచించినా తట్టలేదు. కానీ ఒక సందేహం. ఆవిడ ఏ పేజీ మీదా 24 నిమిషాలు ఉండలేదనీ, పదిహేను నిమిషాల లోపే ముందుకు వెళ్లాననీ రాశారు. పేజీ దాటినప్పుడల్లా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది కదా?

గడియారం
వస్తుంది. సెషన్ రాసిన ప్రతిసారీ ఫైలు సమయం కొత్తదవుతుంది. పదిహేను నిమిషాలకే పోతోందంటే ఊడ్చేది మీ సెట్టింగ్ కాకపోవచ్చు.

రాత్రిపాళీ
అదే సర్వర్ మీద వేరే అప్లికేషన్ ఏదైనా ఉందా? రెండూ సెషన్ ఫైళ్లను ఒకే ఫోల్డర్‌లో పెడుతుంటే, వాటిలో ఎవరి గడువు తక్కువో వారి చీపురే అందరికీ వర్తిస్తుంది. ఊడ్చేటప్పుడు ఫైలు ఎవరిదని పీహెచ్‌పీ అడగదు, ఎంత పాతదని మాత్రమే చూస్తుంది. అందుకే తొందరమనిషి గారి సలహా ఇక్కడ పనిచేయదు. మీరు 24 గంటలు పెట్టుకున్నా, పొరుగు అప్లికేషన్ పది నిమిషాలు పెట్టుకుంటే మీకూ పది నిమిషాలే.

నేను చూసుకునే ఒక సర్వర్‌లో ఇది వేరే రూపంలో ఎదురైంది. డెబియన్ లినక్స్‌లో ఈ పాచిక అవకాశాన్ని సున్నా చేసి, ఊడ్చే పనిని అరగంటకొకసారి నడిచే వేరే పనికి అప్పగిస్తారు. ఆ సంగతి తెలియక ఫైళ్లను సొంత ఫోల్డర్‌కు మార్చాను. అక్కడ ఊడ్చేవారే లేక, కొన్ని నెలలకు లక్షల చిన్న ఫైళ్లు పేరుకుని, డిస్కులో స్థలం ఉన్నా కొత్త ఫైలు తెరవడానికి ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు డిస్కులో ఒకటి కావలసిన నమోదు చోట్లు) మిగల్లేదు. ఆ రోజు ఎవరూ లాగిన్ కాలేకపోయారు. ఫోల్డర్ మార్చితే ఊడ్చే ఏర్పాటు కూడా వెంటనే చేయండి.

తొందరమనిషి
ఒకే ఫోల్డర్ సంగతి నాకు తెలియదు. నా సర్వర్‌లో ఒకటే అప్లికేషన్ ఉంది కాబట్టి గడువు పెంచితే సరిపోయింది. సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

రెండుట్యాబులు
గడువు సరిచేశాక కూడా మీకు ఇంకొక ఇబ్బంది రావచ్చు, ముందే చెబుతున్నాను. ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరిస్తే రెండింటికీ కుకీ ఒకటే, సెషన్ ఒకటే. మా దగ్గర ఒక అన్న తన ఇద్దరు తమ్ముళ్ల దరఖాస్తులు రెండు ట్యాబులలో పక్కపక్కనే నింపారు. పెద్దవాడి పేరు, చిన్నవాడి చదువు కలిసి ఒక దరఖాస్తు తయారైంది, అది ఎవరూ గమనించకుండా డేటాబేస్‌లోకి కూడా చేరింది. వివరాలు పోయి ఉంటే వెంటనే తెలిసేది. అవి ఒకదానితో ఒకటి కలవడం వల్ల వారాల తరువాత బయటపడింది.

ఫారంపని
ఈ కోణం నేను ఊహించనే లేదు. దీనికి మీరు ఏమి చేశారు?

రెండుట్యాబులు
ఫారం మొదలైనప్పుడు ఒక యాదృచ్ఛిక గుర్తు పుట్టించి, దాన్ని ప్రతి పేజీలో దాపుడు గడిలో ఉంచాను. సెషన్‌లో వివరాలు నేరుగా కాకుండా ఆ గుర్తు కింద ఉంటాయి. ట్యాబు మారితే గుర్తు మారుతుంది, ఒకరి వివరాలు మరొకరి వాటితో కలవవు.

జేఎస్‌మిత్రుడు
ఇంత శ్రమ దేనికి? వివరాలన్నీ బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో ఉంచండి. సుమారు 5 మెగాబైట్లు పడుతుంది, సర్వర్‌తో పనిలేదు, కంప్యూటర్ ఆపి తిరిగి తెరిచినా ఉంటాయి.

కుకీకాపరి
తిరిగి తెరిచినా ఉంటాయన్నదే నాకు భయం. ఆ ఫారంలో చిరునామా, పుట్టినతేదీ లాంటివి ఉంటాయి. నలుగురు వాడే కంప్యూటర్ మీద ఒకరు నింపి వెళ్లిపోతే, తరువాత కూర్చున్నవారికి అవన్నీ కనిపిస్తాయి. పైగా పేజీలోకి పరాయి స్క్రిప్ట్ ఏదైనా చొరబడితే లోకల్ స్టోరేజ్ మొత్తం చదవగలదు. సెషన్ కుకీకి హెచ్‌టీటీపీఓన్లీ పెడితే స్క్రిప్ట్ దాన్ని చదవలేదు. ఆ రక్షణను కాదనుకోవడం నాకు నచ్చదు.

జేఎస్‌మిత్రుడు
అయితే సెషన్ స్టోరేజ్ వాడవచ్చు. అది ఒక్కో ట్యాబుకు వేరుగా ఉంటుంది, కాబట్టి అన్నదమ్ముల కథ కూడా జరగదు, ట్యాబు మూయగానే పోతుంది. స్క్రిప్ట్ విషయంలో మాత్రం మీ మాట ఒప్పుకుంటాను.

టోకెన్‌వాది
వివరాలను సంతకం చేసిన టోకెన్‌లో పెట్టి కుకీగా పంపితే సర్వర్‌లో ఫైలే అక్కరలేదు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్ తన సెషన్‌ను అలాగే సంతకం చేసిన కుకీలో ఉంచుతుంది.

పాతకోడు
ఒక కుకీకి 4096 బైట్లు దాటితే బ్రౌజర్ తీసుకుంటుందన్న భరోసా లేదు. తెలుగులో నింపే అనుభవ వివరాలకు, మూడు బైట్ల లెక్కన, ఆ చోటు రెండు పేరాలకే చాలదు. పైగా సంతకం ఉంటే మార్చలేరు గానీ చదవగలరు. లాగిన్ అయినవారెవరో చెప్పే చిన్న గుర్తుకు అది సరిపోతుంది, దరఖాస్తు మొత్తానికి సరిపోదు.

నిలకడ
ఇంతవరకు అందరూ సెషన్‌ను ఎక్కువసేపు బతికించడం గురించే మాట్లాడారు. నా అభిప్రాయం వేరు. మనిషి కూర్చుని టైపు చేసిన మాట ఎక్కడ ఉండాలి అన్నది అసలు ప్రశ్న. సెషన్ ఫైలు అన్నది చెరిపివేయడానికే పుట్టిన వస్తువు. సర్వర్ మళ్లీ మొదలైనా, ఫోల్డర్ ఊడ్చినా, బ్రౌజర్ మూసినా చేతికి అందకుండా పోవచ్చు, అలా పోవడం దాని దోషం కాదు. అరగంట శ్రమను అందులో ఉంచడం మనం చేసిన పొరపాటు.

మొదటి పేజీ దాటగానే డేటాబేస్‌లో ముసాయిదా పట్టికలో ఒక వరుస చేర్చండి. అందులో ముసాయిదా గుర్తు, ఏ పేజీ దాకా వచ్చారు, నింపిన వివరాలు, చివరిసారి మార్చిన సమయం ఉంటే చాలు. సెషన్‌లో ఆ గుర్తు ఒక్కటే ఉంచండి. రెండుట్యాబులు గారు చెప్పిన దాపుడు గడిలో కూడా అదే గుర్తు పెడితే, రెండు సమస్యలూ ఒకే ఏర్పాటుతో తీరుతాయి. గుర్తు మాత్రం ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్య కాకూడదు. చిరునామాలో ఒక అంకె మార్చి పక్కవారి దరఖాస్తు చూసే అవకాశం ఇవ్వకూడదు. ర్యాండమ్_బైట్స్()తో 16 యాదృచ్ఛిక బైట్లు తీసుకుని వాడండి.

మొదటివరుస
సెషన్ పోతే ఆ గుర్తు కూడా దానితోనే పోతుంది కదా? ముసాయిదా డేటాబేస్‌లో క్షేమంగా ఉంటుంది, దాని దగ్గరికి వెళ్లే దారి మాత్రం ఉండదు.

నిలకడ
మంచి ప్రశ్న, నేను చెప్పకుండా వదిలేశాను. పేజీ తెరిచి ఉంటే దాపుడు గడిలోని గుర్తు ఫారంతో పాటే వస్తుంది, కాబట్టి ఫారంపని గారి ఆవిడ లాంటి వారికి ఏమీ పోదు. బ్రౌజర్ మూసేసినవారికి మాత్రం వేరే దారి కావాలి. లాగిన్ ఉంటే సమస్యే లేదు, ముసాయిదాను ఆ ఖాతాకు కట్టేయవచ్చు. లాగిన్ లేకపోతే, మొదటి పేజీలో ఈమెయిల్ అడిగి "ఇక్కడి నుంచి కొనసాగించండి" అన్న లింకు పంపండి. ఆ లింకుకు గడువు ఉండాలి.

గడియారం
పేజీ దాటేవరకు ఆగకుండా నిమిషానికొకసారి తెరవెనుక ముసాయిదాను సేవ్ చేయిస్తే ఇంకా మంచిది. ఒక జాగ్రత్త ఉంది. ఫైలు సెషన్ మొదలైన క్షణం నుంచి ఆ స్క్రిప్ట్ ముగిసేవరకు పీహెచ్‌పీ ఆ ఫైలుకు తాళం వేస్తుంది. అదే మనిషి పంపిన రెండో అభ్యర్థన మొదటిది ముగిసేదాకా గుమ్మం దగ్గర నిలబడాలి. సేవ్ చేసే స్క్రిప్ట్‌లో గుర్తు చదువుకోగానే ఆ తాళం తీసే సెషన్_రైట్_క్లోజ్() పిలవండి, లేకపోతే "తరువాత" బటన్ నొక్కినవారు కారణం తెలియకుండా వేచి ఉంటారు.

చెల్లింపుపేజీ
నిలకడ గారి మాటకు నా అనుభవం ఒకటి జోడిస్తాను. ఆర్డర్ వివరాలన్నీ సెషన్‌లో ఉంచి, చెల్లింపు కోసం వేరే సైటుకు పంపేవాళ్లం. డబ్బు కట్టాక ఆ సైటు పోస్ట్ పద్ధతిలో (ఫారం సమర్పించినట్టు) మా పేజీకి తిరిగి పంపేది. భద్రత పెంచుదామని నేను మా సెషన్ కుకీకి సేమ్‌సైట్ లాక్స్ అని పెట్టాను. మరునాటి నుంచి డబ్బు కట్టి తిరిగి వచ్చినవారికి "మీ బుట్ట ఖాళీగా ఉంది" అని కనిపించింది. లాక్స్ అంటే వేరే సైటు నుంచి పోస్ట్‌తో వచ్చే అభ్యర్థనకు కుకీ జతచేయవద్దని బ్రౌజర్‌కు చెప్పడమేనని ఆ రోజు నేర్చుకున్నాను. 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి, ఏమీ చెప్పని కుకీలను కూడా లాక్స్‌గానే చూడడం మొదలైంది, కాబట్టి ఇది ఎవరికైనా ఎదురవుతుంది. ఇప్పుడు తిరిగి వచ్చిన అభ్యర్థనలోని ఆర్డర్ సంఖ్యతో డేటాబేస్‌లోనే వెతుకుతున్నాం, దాని సంతకం సరిచూస్తున్నాం. సెషన్ ఉన్నా లేకపోయినా పని ఆగదు.

వెనక్కిబటన్
ఒక చిన్న విషయం. ఫారం పోస్ట్ అయ్యాక అదే చిరునామాలో తరువాతి పేజీ చూపించకండి, రీడైరెక్ట్ చేయండి, అంటే బ్రౌజర్‌ను వేరే చిరునామాకు మళ్లించండి. సెషన్ ఉన్న పేజీలకు పీహెచ్‌పీ తనంతట తానే "1981 నవంబరు 19న గడువు తీరింది" అన్న హెడర్ పంపుతుంది, బ్రౌజర్ వాటిని దాచుకోకూడదని. వెనక్కి నొక్కినవారికి "ఫారం మళ్లీ పంపాలా" అన్న ప్రశ్న ఎదురై వారు బెదిరిపోతారు. రీడైరెక్ట్ తరువాత, స్క్రిప్ట్‌ను అక్కడే ఆపే ఎగ్జిట్ రాయడం మరిచిపోకండి.

ఫారంపని
రెండు రోజులుగా దీని మీదే ఉన్నాను. రాత్రిపాళీ గారు అనుమానించినట్టే, అదే సర్వర్ మీద పాత అప్లికేషన్ ఒకటి ఉంది, దాని గడువు 600 సెకన్లు. రెండూ ఒకే ఫోల్డర్‌లో రాస్తున్నాయి. ఆ అప్లికేషన్‌ను పగలే వాడతారు, కాబట్టి చీపురు కూడా పగలే పడుతోంది. ఆవిడ పదిహేను నిమిషాల లెక్క అక్షరాలా నిజం. ఆ మాటను ఒక క్షణం అనుమానించినందుకు నొచ్చుకున్నాను.

ముందుగా మా సెషన్ ఫోల్డర్‌ను వేరు చేసి, ఊడ్చే పనిని కూడా పెట్టాను. తరువాత ముసాయిదా పట్టిక చేశాను. ఇప్పుడు సెషన్‌లో ముసాయిదా గుర్తు తప్ప ఏమీ లేదు. పరీక్ష కోసం మూడో పేజీలో సగం నింపి, సర్వర్‌లో సెషన్ ఫైలును నేనే చెరిపేసి "తరువాత" నొక్కాను. నాలుగో పేజీలో పేరు, చదువు, అనుభవం మూడూ ఉన్నాయి. రెండు ట్యాబులతో కూడా చూశాను, ఎవరివి వారికే ఉన్నాయి.

నిలకడ
లాగిన్ కూడా ఉంటే, లాగిన్ అయిన వెంటనే సెషన్_రీజెనరేట్_ఐడీ() పిలిచి గుర్తు మార్చండి. ముందే ఒక గుర్తును అంటగట్టి, లాగిన్ అయ్యాక అదే గుర్తుతో లోపలికి వచ్చే మోసం ఒకటి ఉంది. స్ట్రిక్ట్ మోడ్ మామూలుగా ఆపి ఉంటుంది, దాన్ని కూడా పెట్టండి.

కుకీకాపరి
లాగౌట్‌లో సెషన్_డెస్ట్రాయ్() ఒక్కటే చాలదని కూడా గుర్తుంచుకోండి. అది ఫైలును తీసేస్తుంది. స్క్రిప్ట్‌లో సెషన్ వివరాలుండే అరేను ఖాళీ చేయదు, బ్రౌజర్‌లోని కుకీని తీయదు. ఆ రెండు పనులూ మీరే చేయాలి.

ఫారంపని
మూడూ చేర్చాను. ఆవిడకు క్షమాపణ చెబుతూ రాశాను. డేటాబేస్‌లో ముసాయిదా లేని కాలంలో పోయిన వివరాలను తిరిగి తేలేను కాబట్టి, మళ్లీ నింపమని అడగడానికే ఇబ్బందిపడ్డాను. ఈ ఉదయం చూస్తే ఆవిడ ముసాయిదా మూడో పేజీ దాకా వచ్చి ఆగి ఉంది, చివరిసారి మార్చిన సమయం నిన్న రాత్రి 9:40. మధ్యాహ్నానికి అది ముసాయిదా పట్టికలో లేదు, దరఖాస్తుల పట్టికలో ఉంది.

రాత్రిపాళీ
సంతోషం. సమర్పించకుండా వదిలేసిన ముసాయిదాలను ఎన్నాళ్లు ఉంచుతున్నారు? వాటిలో జనం చిరునామాలున్నాయి.

ఫారంపని
30 రోజులు అనుకున్నాను, ఆ గడువు మొదటి పేజీలోనే రాసి పెట్టాను. తీసేసే పని మాత్రం ఇంకా రాయలేదు, ఈ రాత్రి అదే రాస్తున్నాను.